ఫుల్ ఆర్‌పీఎం అందకపోతే ముందు ఏది విప్పాలి: కార్బొరేటరా, క్లచ్చా?

థ్రాటిల్ పూర్తిగా నొక్కినా స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ఇంజన్ ఎనిమిది వేలు దాటాల్సింది ఏడు వేల దగ్గరే ఆగిపోతోందని, ముందు కార్బొరేటర్ విప్పడం మేలా, క్లచ్ చూడడం మేలా అని చలికాలం మొదలవగానే చాలామంది అడుగుతుంటారు. కార్బొరేటర్ ఉన్న టూ-స్ట్రోక్ బండ్లను దృష్టిలో పెట్టుకునే ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కువమంది చెయ్యి ముందుగా కార్బొరేటర్ మీదికే పోతుంది. వేసవంతా నిలవ ఉన్న పెట్రోలు జిగురుగా మారుతుందన్నది నిజమే కాబట్టి ఆ అనుమానాన్ని తప్పుపట్టలేం. అయితే ఆ జిగురుకు మొదట మూసుకుపోయేది సన్నని రంధ్రమున్న పైలట్ జెట్. దాని పని ఐడిల్ నుంచి పావు థ్రాటిల్ వరకే. ముప్పావు థ్రాటిల్ దాటాక పెట్రోలు కొలిచి ఇచ్చే మెయిన్ జెట్ రంధ్రం అంతకంటే చాలా పెద్దది. బండి చక్కగా స్టార్టయి, ఐడిల్‌లో నిలకడగా ఉండి, చివర్లో మాత్రమే ఆర్‌పీఎం తగ్గుతుంటే, జెట్ల కంటే పెట్రోలు పంపు, దాన్ని నడిపే ఒత్తిడిని క్రాంక్‌కేస్ నుంచి తెచ్చే పల్స్ గొట్టం, ఫిల్టరు ఎక్కువ అనుమానించదగినవి.

నా దృష్టిలో ఈ ప్రశ్నను తేల్చేది శబ్దం. ఇంజన్ తడబడుతూ, గొణుగుతూ, ముక్కలు ముక్కలుగా మోగుతుంటే లోపం పెట్రోలులోనో స్పార్క్‌లోనో ఉంటుంది. శబ్దం శుభ్రంగా, ఒకే స్థాయిలో సాగుతూ, ఆర్‌పీఎం మీటరు సూది మాత్రం ఎక్కడో ఒకచోట స్థిరంగా నిలిచిపోతే ముందు క్లచ్‌నే అనుమానించాలి. ఎందుకంటే పూర్తి థ్రాటిల్‌లో సూది ఎక్కడ నిలవాలో ఇంజన్ శక్తితో పాటు ప్రైమరీ క్లచ్‌లోని వెయిట్లు (వేగం పెరిగేకొద్దీ బయటికి విసురుకుని బెల్టును నొక్కించే బరువులు), రెండు క్లచ్‌ల స్ప్రింగులు కూడా నిర్ణయిస్తాయి. ఈ బండ్లలో ఇంజన్ వైపు ప్రైమరీ, ట్రాక్ వైపు సెకండరీ అని బెల్టుతో కలిపిన రెండు క్లచ్‌లుంటాయి; గేర్లు మార్చే పని వీటిదే. వెయిట్లు బరువైనా, స్ప్రింగు నీరసించినా బెల్టు తొందరపడి పై గేరుకు ఎక్కినట్టయి ఇంజన్ గొంతు నొక్కుకుపోతుంది.

ఈ మధ్య నా బండికి జరిగింది ఇదే. రెండు సాయంత్రాలు కార్బొరేటర్లు విప్పి కడిగినా సూది కదలలేదు. అంతకుముందు 4,000 దగ్గర కదలడం మొదలుపెట్టే బండి 3,200 దగ్గరే కదులుతోందన్న సంగతిని నేను ముందే పట్టించుకుని ఉండాల్సింది. ప్రైమరీ స్ప్రింగు బయటికి తీసి కొత్తదాని పక్కన నిలబెడితే పాతది కంటికి తెలిసేంత పొట్టిగా ఉంది. ఎత్తైన కొండ ప్రాంతాలకు బండి తీసుకెళ్లేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి: ప్రతి వెయ్యి అడుగులకు ఇంజన్ సుమారు 3 శాతం శక్తి కోల్పోతుంది, కాబట్టి కింద సరిగా పనిచేసిన వెయిట్లే పైన బరువవుతాయి. అక్కడ గాలి పలచనై మిశ్రమంలో పెట్రోలు పాలు కూడా ఎక్కువవుతుంది గనుక జెట్లను కూడా చూడాల్సి ఉంటుంది.

అయినా క్లచ్ కవర్ తీసేముందు స్పార్క్ ప్లగ్‌లను ఒకసారి చూడమంటాను. క్లచ్ తేడా వల్ల పోయేది ప్రధానంగా వేగం. పెట్రోలు చాలక మిశ్రమం పలచబడితే పోయేది పిస్టన్. ప్లగ్ మొన లేత గోధుమ రంగులో ఉంటే క్లచ్ వైపు వెళ్లవచ్చు, తడిగా నల్లబడితే పెట్రోలు ఎక్కువవుతోందని అర్థం, తెల్లగా పాలిపోయి ఉంటే కారణం తెలిసేవరకు పూర్తి థ్రాటిల్ జోలికి పోకూడదు. బెల్టు తీసేసి ఇంజన్‌ను రేజ్ చేసి చూసే అలవాటు కొందరికి ఉంది. భారం లేని ప్రైమరీ క్లచ్ అదుపు తప్పిన వేగంతో తిరిగి పగిలిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ పరీక్ష ఎప్పుడూ చేయకూడదు.

ఎగ్జాస్ట్ పవర్ వాల్వులు (ఆర్‌పీఎంను బట్టి పొగ వెళ్లే దారిని పెంచి తగ్గించే కవాటాలు) ఉన్న బండ్లలో అవి మసి పట్టి మూసుకున్న స్థితిలో బిగుసుకుపోయినా పై ఆర్‌పీఎం అందదు; విప్పి శుభ్రం చేస్తే సరిపోతుంది. థ్రాటిల్ కేబుల్ పూర్తిగా తెరుస్తోందో లేదో, ఎయిర్‌బాక్స్‌లో మంచు గానీ ఎలుక గూడు గానీ ఉందో లేదో చూడడానికి నిమిషం చాలు. కంప్రెషన్‌లో రెండు సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే మాత్రం కార్బొరేటరా, క్లచ్చా అన్న ప్రశ్నను పక్కనపెట్టి ముందు సిలిండర్ హెడ్ విప్పాల్సిందే.