మూడు కీలా, రీసెట్ బటనా, స్విచ్చా? పాత కంప్యూటర్‌కి ఏది మేలు?

చెన్నై కోడంబాక్కంలో మా మావయ్య వాళ్ల మేడ మీద గదిలో రెండు పాత కంప్యూటర్లున్నాయి. ఒకటి ఆయన 286 (ప్రాసెసర్ పేరుతో పిలిచే పాత పీసీ). అందులో 20 ఎంబీ సీగేట్ ఎస్‌టీ-225 హార్డ్ డిస్కు, కమాండ్లు టైప్ చేసి నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ డాస్ 3.3 ఉన్నాయి. ఒకప్పుడు సినిమా కంపెనీల లెక్కలన్నీ దాంట్లోనే రాసేవారు. రెండోది నా 486, డాస్ 6 ఉన్నది. రిచీ స్ట్రీట్‌లో ఓ పాత సామాన్ల కొట్లో బేరమాడి కొన్నాను. రెండూ ఇప్పటికీ పనిచేస్తాయి. ఆన్ చేయడం దగ్గర మాకు పేచీ లేదు, ఆపడం దగ్గరే.

ముందు రీసెట్ సంగతి. స్క్రీన్ బిగుసుకుపోయినప్పుడు దారులు మూడు: కంట్రోల్, ఆల్ట్, డిలీట్ కలిపి నొక్కడం, ముందున్న రీసెట్ బటన్ నొక్కడం, లేదా స్విచ్ ఆపి మళ్లీ వేయడం. 1981లో వచ్చిన మొదటి ఐబీఎం పీసీకి అసలు రీసెట్ బటనే లేదు. కుడిపక్క వెనకాల ఓ పెద్ద ఎర్ర స్విచ్, కీబోర్డ్ మీద ఈ మూడు కీలు, అంతే. ఆ మూడు కీల ఏర్పాటు ఐబీఎం ఇంజనీరు డేవిడ్ బ్రాడ్లీది. పొరపాటున చెయ్యి తగిలి రీస్టార్ట్ కాకూడదని, ఒక చేత్తో అందకుండా కీలను దూరదూరంగా ఎంచుకున్నారు. నా 486 చేసినవాళ్లకి ఆ పాటి జాగ్రత్త కూడా లేదు. వేగం మార్చే టర్బో బటన్ పక్కనే, అదే సైజులో రీసెట్ బటన్ పెట్టారు. టర్బో అనుకుని రీసెట్ నొక్కి ఎన్ని ఫైళ్లు పోగొట్టుకున్నానో!

ఈ మూడింట్లో ఏది మేలంటే, నా ఓటు మూడు కీలకే. అవి నొక్కగానే మెషీన్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం బయాస్, మెమొరీలో ఒకచోట 1234 అనే హెక్స్ గుర్తు రాసి మళ్లీ మొదలవుతుంది. ఆ గుర్తు చూసి మెమొరీ పరీక్ష మానేస్తుంది కాబట్టి త్వరగా తెరుచుకుంటుంది. కరెంటు ఆగదు, డిస్కు తిరుగుతూనే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద లాభం డాస్ 6 వాళ్లకి. 1993లో వచ్చిన ఆ డాస్‌లో స్మార్ట్‌డ్రైవ్ అనే ప్రోగ్రాం మనం సేవ్ చేసినదాన్ని వెంటనే డిస్కు మీద రాయదు, కాసేపు మెమొరీలో దాచుకుని తర్వాత రాస్తుంది. మూడు కీలు నొక్కితే అది పసిగట్టి, దాచుకున్నదంతా రాసేశాకే మెషీన్‌ని రీస్టార్ట్ కానిస్తుంది. రీసెట్ బటన్ సంగతి, స్విచ్ సంగతి దానికి తెలియనే తెలియదు. ఆ దాచుకున్నది గాలిలో దీపమే. దీని మీద గోల కావడంతో డాస్ 6.2లో రాయడం పూర్తయ్యాకే ప్రాంప్ట్ (కమాండ్ టైప్ చేసే చోటు) కనబడేలా మార్చారు.

అయితే ప్రోగ్రాం మరీ మొండికేస్తే మూడు కీలూ పనిచేయవు, ఎందుకంటే కీబోర్డ్ మాట వినేది కూడా ప్రాసెసరే. దీనికి నా చిట్కా ఒకటుంది. క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. లైటు వెలిగి ఆరుతుంటే ఇంకా ప్రాణం ఉన్నట్టే, మూడు కీలు ప్రయత్నించొచ్చు. లైటు కదలకపోతే డిస్కు లైటు ఆరేదాకా ఆగి రీసెట్ బటన్ నొక్కండి. స్విచ్ ఆపి వేయడం ఆఖరిమాట. అలా చేయాల్సి వస్తే డిస్కు పూర్తిగా ఆగేదాకా, కనీసం పావు నిమిషం ఆగి వేయాలి. టకటకా ఆపి వేస్తే పాత పవర్ సప్లైకి, డిస్కు మోటారుకి రెండింటికీ దెబ్బే.

ఇక పూర్తిగా ఆపడం. ఇక్కడే మావయ్య నా మాట ఒప్పుకోరు. "నీ మూడు కీలూ నీ 486కి సరేరా, నా డిస్కు మీద ఆ వేషాలు వేయకు" అంటారు. నిజమే. ఎస్‌టీ-225లో డేటా చదివి రాసే తలను కదిపేది స్టెప్పర్ మోటారు. కరెంటు పోయినప్పుడు ఆ తల ఎక్కడుంటే అక్కడే డిస్కు పళ్లెం మీద దిగబడుతుంది, కింద లెక్కల ఫైలు ఉన్నా సరే. అందుకే ఆయన లెక్కలు ముగించి ప్రాంప్ట్‌కి వచ్చి పార్క్ అని టైప్ చేస్తారు. తల డేటా లేని చోటికి చేరుతుంది. వెంటనే స్విచ్ ఆపేస్తారు. పార్క్ చేశాక ఇంకో కమాండ్ కొట్టినా, రీస్టార్ట్ చేసినా తల మళ్లీ డేటా మీదికొచ్చేస్తుంది. నిమిషానికి 3,600 సార్లు తిరిగే ఆ డిస్కు చప్పుడు సన్నగిల్లి ఆగిపోయేదాకా ఆయన కుర్చీలోంచి లేవరు.

నా 486లో డిస్కు వాయిస్ కాయిల్ రకం, అంటే తీగచుట్టతో తలను కదిపేది. కరెంటు పోతే తలను తనే పక్కకి తీసుకుపోతుంది, పార్క్ అక్కర్లేదు. అందుకని నేను మూడు కీలు నొక్కి, మళ్లీ మొదలైన తొలి క్షణాల్లో, డిస్కు జోలికి వెళ్లకముందే స్విచ్ ఆపేస్తాను. ఇది చూసేవాళ్లకి మొరటుగా ఉంటుంది కానీ దాచుకున్న డేటా భద్రం. అంత టెన్షన్ వద్దనుకుంటే స్మార్ట్‌డ్రైవ్‌కి స్లాష్ సి తగిలించి కొట్టి (దాచుకున్నదంతా రాసెయ్యమని చెప్పడం), ప్రాంప్ట్ వచ్చాక ఆపేయండి, అదీ మంచిదే. విండోస్ 95 ఉంటే ఇవేవీ వద్దు. షట్‌డౌన్ ఇచ్చి, ఇక ఆపేయొచ్చని నారింజ రంగు అక్షరాలు వచ్చేదాకా చూడాలి. ఆ కాలపు ఏటీ రకం (పాత పీసీల) పవర్ సప్లైని సాఫ్ట్‌వేర్ ఆపలేదు, మనమే ఆపాలి. ఫ్లాపీ లోపల ఉంటే మాత్రం ఏ మెషీన్‌కైనా స్విచ్ ముట్టుకునేముందు దాన్ని బయటికి తీయాల్సిందే.

ఏటీ పెట్టె విప్పి చూసే సరదా ఉంటే ఇంకో మాట. ముందున్న పవర్ బటన్ వెనక వైర్లలో 230 వోల్టులు నేరుగా ఉంటాయి. స్విచ్ ఆపాను కదా అనుకోకుండా ప్లగ్గు పీకేసి చేయి పెట్టండి.

వీటన్నిటికన్నా చెడ్డది కరెంట్ కోత. అప్పుడు పార్కూ లేదు, మూడు కీలూ లేవు. పైగా ఏటీ స్విచ్ నొక్కి ఉంటే, కరెంటు రాగానే మెషీన్ దానంతటదే లేస్తుంది, అదీ వోల్టేజ్ ఎగిరెగిరి పడే సమయంలో. ఇప్పుడు యూపీఎస్ పెట్టాం కానీ దాని బ్యాటరీ మీద మావయ్యకి నమ్మకం తక్కువ. కరెంట్ పోతే మేమంతా కొవ్వొత్తి వెతుకుతుంటాం, ఆయన మాత్రం చీకట్లోనే మేడెక్కి రెండు స్విచ్‌లూ ఆపి వస్తారు.