బీజింగ్ ప్యాకేజీలో దాతోంగ్ ఒక్క రోజేనా?

అమీర్‌పేటలో ఒక ట్రావెల్స్ వాళ్ల దగ్గర బీజింగ్ ప్యాకేజీ తీసుకున్నాం, పేరు రాయట్లేదు. ఆరో రోజు దాతోంగ్ అని ఉంటే అదేంటన్నా అని అడిగా, "గుహలున్నాయి సార్, ఫొటోలు బాగొస్తాయి" అన్నాడు అంతే. ఆయనకి కూడా అంతకుమించి తెలీదని అక్కడికెళ్లాక అర్థమైంది.

షాన్షీ ప్రావిన్స్‌కి ఉత్తరం కొసన ఉంది, బీజింగ్ నుంచి ఫాస్ట్ ట్రైన్లో రెండు గంటలు. వెయ్యి మీటర్ల ఎత్తు కదా, అక్టోబర్లోనే పొద్దున పళ్లు టకటకా కొట్టుకున్నాయి, స్వెటర్ మాట ఎవరూ చెప్పలేదు. మా నాన్న కొత్తగూడెంలో సింగరేణి రిటైర్డ్, దాతోంగ్ అంటే చైనాలో బొగ్గు ఊరని తెలిసాక ఆయనకి గుహలు పట్టలేదు. ఆ బొగ్గుని చిన్‌హువాంగ్‌దావో పోర్టుకి మోయడానికే 653 కిలోమీటర్ల రైల్వే లైన్ వేశారు, కొన్నేళ్లు దాని మీద ఏడాదికి 40 కోట్ల టన్నుల పైనే పోయిందని గైడ్ అమ్మాయి చెప్తే మళ్లీ అడిగి మరీ కన్ఫర్మ్ చేసుకున్నాడు, మన సింగరేణి మొత్తం ఏడు కోట్లు తవ్వితేనే రికార్డు మరి. గుహల దగ్గర్లోనే ఒక పాత గనిలోకి టూరిస్టుల్ని దింపుతారట, మా లిస్టులో లేదు. ఇంక ఆ రోజంతా అలకే.

యున్‌గాంగ్ గుహలు మాత్రం మాటల్లేవ్. క్రీ.శ. 398 నుంచి 494 దాకా ఈ ఊరే ఉత్తర వెయ్ అనే రాజవంశానికి రాజధాని, అప్పటి పేరు పింగ్‌చెంగ్. 446లో ఒక చక్రవర్తి బౌద్ధం మీద పడి గుళ్లు కూల్పించాడు, ఆయన మనవడు మళ్లీ నిలబెట్టాడు, 460 నుంచి తాన్‌యావో అనే భిక్షువు కొండని తొలిపించాడు. మొత్తం 51 వేల బొమ్మలు! 20వ గుహ ముందు గోడ ఎప్పుడో కూలిపోయి పెద్ద బుద్ధుడు ఆరుబయటే కూర్చున్నాడు, 13 మీటర్ల పైనే ఉంటాడు, భుజం మీద వస్త్రం మడతలు చూసి మా ఆవిడ "మన మ్యూజియంలో చూసినట్టే ఉంది కదండీ" అంది. దీనికి ఇచ్చింది గంటన్నర.

ఊరి కోట గోడ 1372 నాటిదన్నారు గానీ పైన కనిపించే ఇటుకంతా ఈమధ్య పేర్చిందే, దానికోసం బోలెడు ఇళ్లు పడగొట్టారంట. కొండకి వేలాడే గుడికి 60 కిలోమీటర్లు తీసుకెళ్లి కిందనుంచే చూపించారు, పైకెక్కే టికెట్ వేరేనట, ప్యాకేజీలో కలపలేదు.

తిండి సూపర్. పిండి ముద్ద చేతిమీద పెట్టుకుని కత్తితో చకచకా మరిగే నీళ్లలోకి చెక్కేస్తారు, ఆ నూడుల్స్‌లో అక్కడి నల్ల వెనిగర్ పోసుకోవాలి. వరిగల పిండితో చేసిన పసుపు రంగు ముద్ద ఒకటి పెట్టారు, నాన్న సంకటి అనుకుని వేలితో నొక్కి చూసి, బాగా జిగురని పక్కన పెట్టేశాడు. వెజ్ వాళ్లు ముందే గట్టిగా చెప్పుకోండి, మాంసం పులుసు లేకుండా గిన్నె రాదు.

గైడ్ అమ్మాయికి ఐదు స్టార్లు, ఆఫీసోళ్లకి రెండు. ఫోన్ చేసి అడిగితే వచ్చేసారి రెండు రాత్రులు పెడతాం సార్ అన్నాడు. స్వెటర్ కూడా లిస్టులో రాయమన్నా.