20 అంగుళాల ఫ్రేము నుంచి 18కి: రెండు సైకిళ్లు తొక్కాక ఒక సమీక్ష

2019 జూన్‌లో నా మొదటి గేర్ల సైకిలు కొనడానికి వెళ్లినప్పుడు దుకాణంలో నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఎంత సైజు కావాలి సార్, ఇరవై ఆరా, ఇరవై ఏడున్నరా, ఇరవై తొమ్మిదా?" అవి చక్రాల కొలతలని నాకప్పుడు తెలియదు. ఆఫీసుకు వెళ్లి రావడానికి సన్న టైర్ల హైబ్రిడ్ (రోడ్ సైకిలుకూ మౌంటెన్ సైకిలుకూ మధ్య రకం) కావాలనగానే 700సి అనే కొలత చక్రాలున్న బండిని బయటికి తీసి, పెద్దవాళ్ల సైజు ఇదేనని తేల్చేశారు. దాని ఫ్రేము 20 అంగుళాలదనీ (సీటు పోస్టు దిగే నిలువు గొట్టం, అంటే సీటు గొట్టం పొడవే ఈ కొలత), ఆ గొట్టం మీద ఎల్, అంటే లార్జ్, అనే స్టిక్కరు ఉందనీ ఇంటికి తెచ్చాకే గమనించాను. నా ఎత్తు 168 సెంటీమీటర్లు. ఆ బండిని 14 నెలలు తొక్కి, 2020 ఆగస్టులో అదే నమూనాలో 18 అంగుళాల ఎమ్ (మీడియం) ఫ్రేముకు మారాను. దీని మీద ఇప్పటికి 19 వేల కిలోమీటర్లు దాటాయి. గేర్లు, బ్రేకులు రెండింటికీ ఒకటే కాబట్టి ఈ సమీక్ష పూర్తిగా ఫ్రేము కొలత గురించే.

మా నాన్న కాలంలో ఈ తికమక లేదు. పెద్దవాళ్లు తొక్కే నల్ల సైకిళ్లకు దాదాపుగా 28 అంగుళాల చక్రాలే ఉండేవి, మారేది ఫ్రేము ఒక్కటే. అందువల్ల "ఇరవై రెండా, ఇరవై నాలుగా" అని అడిగితే అది నేరుగా మనిషి కాళ్ల పొడవును అడిగినట్టే. మా ఇంట్లో ఉన్నది 24, దాని మీద నేను చాలాకాలం అడ్డతొక్కుడే తొక్కాను. సైజు అన్న మాట ఇప్పుడు ఫ్రేమును వదిలి చక్రానికి అంటుకుంది గానీ, కాలు నేలకు అందడమూ అందకపోవడమూ ఇప్పటికీ ఫ్రేమును బట్టే ఉంటుంది.

ఎల్ ఫ్రేముతో మొదటి ఇబ్బంది సిగ్నల్ దగ్గర ఎదురైంది. సీటు దిగి రెండు కాళ్లూ నేల మీద ఆనించి నిలబడితే పై రాడ్డు తొడల మధ్య ఒరుసుకునేది. కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండవలసిన చోట ఏమీ లేకపోవడంతో బండిని ఒక పక్కకు వంచి ఒంటికాలి మీద నిలబడడం అలవాటు చేసుకున్నాను. ఇది కనిపించే లోపం కాబట్టి ఎవరైనా చెప్పగలరు. అసలు బాధ వేరే చోట ఉంది. సీటు దించితే కాళ్ల సంగతి సర్దుకుంటుందని దుకాణంలో చెప్పిన మాట నిజమే, సర్దుకుంది. కానీ సీటు ఎంత దించినా హ్యాండిల్ దగ్గరికి రాదు కదా. రాడ్డు వాలుగా ఉండే ఫ్రేములో పొడవును సీటు పోస్టు నుంచి హ్యాండిల్ గొట్టం దాకా నేలకు సమాంతరంగా కొలవాలి. ఎల్‌లో అది 59 సెంటీమీటర్లు, ఎమ్‌లో 56.5. రెండున్నర సెంటీమీటర్ల తేడా కాగితం మీద అల్పంగా కనిపిస్తుంది, కానీ మోచేతులు బిగుసుకుని భుజాలు చెవుల దాకా ఎక్కడానికి అదే చాలు. 11 కిలోమీటర్లు తొక్కి ఆఫీసు చేరేసరికి రెండు చేతుల చిటికెన వేళ్లూ తిమ్మిరెక్కేవి.

దాన్ని సరిచేయడానికి నేను చేసిన రెండు పనులూ బెడిసికొట్టాయి. హ్యాండిల్‌ను పట్టి ఉంచే 100 మిల్లీమీటర్ల స్టెమ్ తీసి 70ది వేయిస్తే తిమ్మిరి కొంత తగ్గింది, కానీ హ్యాండిల్ కాస్త కదిపితే చాలు బండి పక్కకు తిరిగిపోయేది. సీటును పట్టాల మీద పూర్తిగా ముందుకు జరిపితే మూడు వారాల్లో మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలైంది. సీటు ఉండవలసిన చోటు కాళ్లను బట్టి తేలుతుంది, హ్యాండిల్ ఉండవలసిన చోటు చేతులను, నడుమును బట్టి తేలుతుంది. ఒకదాని లోటు పూడ్చడానికి రెండోదాన్ని జరిపితే కొత్త నొప్పి కొని తెచ్చుకోవడమే.

ఎమ్ ఫ్రేము కొనే ముందు మాత్రం గట్టిగా కొలుచుకున్నాను. చెప్పులు లేకుండా గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య జానెడు ఎడం ఉంచి, అట్టబైండు పుస్తకాన్ని వీపు భాగం పైకి వచ్చేలా తొడల మధ్య పెట్టుకుని పైకి నొక్కాలి. మా ఆవిడ పెన్సిలుతో గోడ మీద గీత గీసింది. మొదటిసారి మొహమాటంగా నొక్కడంతో 74.5 వచ్చింది, సీటు మీద బరువు ఆనినంత గట్టిగా నొక్కాక రెండుసార్లూ 76 వచ్చింది. ఆ గీతలు ఇప్పటికీ పడకగది గోడ మీద ఉన్నాయి. నా ఎత్తే ఉన్న ఒక సహోద్యోగికి ఇదే కొలత 80 వచ్చింది, అంటే ఎత్తును మాత్రమే చూసి ఎస్, ఎమ్, ఎల్ చెప్పే పట్టిక మా ఇద్దరికీ ఒకే బండి అంటగడుతుంది.

ఈ కాళ్ల కొలతను 0.67తో హెచ్చవేస్తే ఫ్రేము సైజు వస్తుందని చాలామంది చెబుతారు. నా 76కు 51 సెంటీమీటర్లు, అంటే సరిగ్గా 20 అంగుళాలు వస్తుంది. నన్ను ఇబ్బంది పెట్టిన సైజు అదే! ఆ లెక్క పై రాడ్డు నేలకు సమాంతరంగా ఉండే పాత తరహా రోడ్ సైకిళ్లకు పనికివస్తుంది. రాడ్డు వెనక్కి వాలిన హైబ్రిడ్‌లో సీటు గొట్టం పొట్టిగా ఉంటుంది కాబట్టి అదే అంకె పెద్ద బండిని చూపిస్తుంది. పైగా సీటు గొట్టాన్ని కొందరు తయారీదారులు దాని పై అంచు దాకా, కొందరు రాడ్డు మధ్య వరకు కొలుస్తారు. ఇక నాకు నమ్మకంగా పనిచేసిన లెక్క 0.883: 76ను దానితో హెచ్చవేస్తే వచ్చిన 67 సెంటీమీటర్లను పెడళ్లు తిరిగే ఇరుసు నడిమి నుంచి సీటు పై భాగం దాకా పెట్టుకున్నాను, ఇన్నేళ్లలో అర సెంటీమీటరు కూడా మార్చవలసి రాలేదు. కానీ అది సీటు ఎత్తు చెప్పే లెక్క, ఫ్రేము ఎంచే లెక్క కాదు. ఫ్రేము ఎంచడానికి బండి మీద కూర్చుని, మోచేతులు కొద్దిగా వంగి ఉండగా హ్యాండిల్ అందుతోందో లేదో చూడడం, దిగి రాడ్డు పైన ఖాళీ చూడడం, ఈ రెండే నాకు అక్కరకొచ్చాయి.

ఎమ్‌తో తేడా ఊళ్లో కంటే హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్ మీద బాగా తెలిసింది. ఊళ్లో ప్రతి సిగ్నల్ దగ్గరా చేతులకు విరామం దొరుకుతుంది కాబట్టి ఫ్రేము లోపం కొంత మరుగున పడుతుంది. అక్కడ గంటసేపు హ్యాండిల్ వదలకుండా తొక్కినా ఇప్పుడు చిటికెన వేలికి తిమ్మిరి లేదు.

ఎమ్‌లో లోపాలు లేకపోలేదు. సీటు పోస్టు అయిదు సెంటీమీటర్లు ఎక్కువ బయటికి వచ్చింది, అయితే లోపల ఉండి తీరవలసిన కనీస భాగాన్ని చూపే గీత ఇంకా చాలా దిగువనే ఉంది. ఫ్రేము పొట్టిది కావడంతో పాదానికీ ముందు చక్రానికీ ఎడం తగ్గింది. వానాకాలంలో మడ్‌గార్డు బిగించాక మా అపార్ట్‌మెంట్ గేటు దగ్గర నెమ్మదిగా మలుపు తిరిగేటప్పుడు బూటు కొన దానికి తగులుతుంది. అక్కడ మాత్రం ఇప్పటికీ మలుపుకు బయటి వైపు పెడలును కిందికి తెచ్చుకుని, తొక్కడం ఆపి, బండిని దొర్లనిస్తాను.