80 డాలర్ల ఈనెలు

గోదావరి లంకల్లో పొగాకు పండించిన తాత మనవణ్ణి నేను. అలాంటి నన్ను హవానాలో పట్టపగలు, అదీ పొగాకు దగ్గరే, బోల్తా కొట్టించారు. ఇది రాయకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

ఫిబ్రవరిలో టొరంటో నుంచి క్యూబా వెళ్ళాం. నేను, మా ఆవిడ, మా బావమరిది. వరదెరోలో నాలుగు రోజులు సముద్రం, ఎండ, తిండి అన్నీ బాగున్నాయి. తర్వాత హవానాలో ఒక ఇంటి పైవాటాలో దిగాం, రాత్రికి 30 డాలర్లు. గది శుభ్రం, ఇంటావిడ మంచిది. కరెంటే సాయంత్రం పోతే ఏ పదకొండింటికో వచ్చేది. మా ఆవిడకి అప్పటికే సగం చిరాకు.

పాత పార్లమెంటు భవనం కాపిటోలియో వెనక వీధిలో ఒకడు చక్కటి ఇంగ్లీషులో పలకరించాడు. ఇండియా అనగానే చేతులు జోడించాడు. సిగార్ కార్మికుల సహకార సంఘం అమ్మకం ఇవాళ ఒక్కరోజేనట, రేపు ఉండదట. "బావా, చూసొద్దాం, చూస్తే డబ్బులడగరుగా" అన్నాడు మావాడు. రెండు సందులు తిరిగి, మూడంతస్తులెక్కి ఎవరిదో వంటింట్లో తేలాం. బల్ల మీద క్యూబాలో పేరున్న ఖరీదైన బ్రాండు కోయిబా పెట్టె, 25 సిగార్లు. 200 డాలర్లన్నాడు. మావాడు పట్టుబట్టి 80కి దించాడు. ధర అంతలా దిగుతుంటే అనుమానం రావాలి కదా, మాకు గర్వం వచ్చింది.

రాత్రి మేడ మీద ఒకటి వెలిగించాను. పీలిస్తే రాదు. ఇంకాస్త గట్టిగా పీలిస్తే నోట్లోకి పొడి. చాకు తెచ్చి నిలువునా కోశాను. ఫోన్ వెలుతురులో చూస్తే పైన ఒక్క మంచి ఆకు, లోపలంతా తుక్కు, మధ్యలో అగ్గిపుల్లంత ఈనె, దాని పక్కన ఇంకోటి. మంచి సిగార్లో ఈ కొస నుంచి ఆ కొస దాకా పొడవాటి ఆకులుంటాయి. ఇంకో రెండు కోశాం, అవీ అంతే. మా ఆవిడ ఆ ఈనెలన్నీ ఏరి వరసగా పేర్చి, "ఇంకో పెట్టె కొంటే చీపురవుతుందండీ" అంది. ఆ మాట తర్వాత మర్నాడు టిఫిను దాకా మౌనమే. అసలు పెట్టెకి ఆకుపచ్చ ప్రభుత్వ ముద్ర, హోలోగ్రామ్ ఉంటాయి. మాదానికి ఉన్నది జెరాక్స్ కాగితం.

మర్నాడు బుద్ధిగా సర్కారు సిగార్లమ్మే కాసా దెల్ హబానోకి వెళ్ళాం. అక్కడ నోట్లు తీసుకోలేదు, కార్డే. మోంటెక్రిస్టో నంబర్ 4 ఒకటి 11 డాలర్లకి కొన్నాను. సన్నం, కోకో వాసన, మెత్తటి పొగ. కొత్తవాళ్ళు దీంతో మొదలెట్టచ్చు. పదికి ఏడు. తర్వాత పర్తగాస్ సీరీ డి నంబర్ 4, 19 డాలర్లు. బొటనవేలంత లావు, మిరియాల ఘాటు, తడిమట్టి వాసన, బూడిద అంగుళం దాకా రాలలేదు. ముప్పావుగంట కదల్లేదు నేను. ఎనిమిదిన్నర. ఖాళీ కడుపుతో మాత్రం దాన్ని ముట్టుకోకండి. కోయిబా ధర 2022లో బాగా పెరిగింది, ఒక్కటీ కొనలేదు. 1966లో క్యూబా నేత కాస్ట్రో కోసమని పుట్టిన సరుకు అది. ఆయనే 1985లో మానేశాడు, నాకెందుకు!

తర్వాత పొగాకు పండే వినాలెస్ ఊరికి షేర్ టాక్సీ, మనిషికి 25 డాలర్లు. అక్కడి పొగాకు చేలో దిగగానే నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఎర్రమట్టి, నడుమెత్తు మొక్కలు, చేతికి జిగురు. ఆకుని మన గుంటూరు బ్యారన్లలోలా వేడిపెట్టి కాల్చరు, తాటాకు పాకలాంటి కొట్టంలో కర్రలకి వేలాడదీసి గాలికే ఆరనిస్తారు. పంటలో 90 శాతం ప్రభుత్వానిదే, మిగిలిన పదిలోంచి మాలాంటివాళ్ళకి అమ్ముకుంటారు.

ఆ చేను రైతు, ఒక పెద్దాయన, మా ముందే కూర్చుని ఆకుని ఒళ్ళో పరిచి, ఈనె పట్టుకుని ఒక్క లాగులో చీల్చాడు. నికోటినంతా ఈనెలోనే ఉంటుందన్నాడు. నమ్మకండి, నికోటిన్ ఎక్కువుండేది ఆకులోనే. కానీ ఆ చేతులు! మా తాత చుట్ట చుట్టినట్టే, చూపు మామీద, వేళ్ళు ఆకు మీద. కొసని తేనెలో ముంచి ఇచ్చాడు. పక్కవాటుగా కాలింది, రెండుసార్లు మళ్ళీ వెలిగించాల్సొచ్చింది, బ్రాండు పట్టీ లేదు, పేరు లేదు. తొమ్మిది. పక్షపాతమే, ఒప్పుకుంటాను. పొగ వాసనంటే ఆమడ దూరం పరిగెత్తే మా ఆవిడ కూడా పక్కనే కూర్చుని కాఫీ తాగింది. మావాడు సిగరెట్టులా ఊపిరితిత్తుల్లోకి లాగి, గడ్డిమోపు మీద అరగంట వెల్లకిలా పడుకున్నాడు.

15 కొన్నాను, 60 డాలర్లు, పామ్ మట్టలో చుట్టిచ్చాడు. కెనడాలోకి మనిషికి 50 దాకా సుంకం లేదు.

ఇంటికొచ్చాక మావాడు ఫోన్ చేశాడు. "బావా, స్నేహితులకి చూపించాలి, ఓ నాలుగు సిగార్లిస్తావా?"

కోయిబా పెట్టె మొత్తం ఇచ్చేశాను. 22 ఉన్నాయి అందులో.