మరుగునపడిన రేసు ప్రమోటర్ జాడ: పాత పేపరా, దస్తావేజా, పెద్దల జ్ఞాపకమా? ఏది మేలు?

1949 జూన్ 19న అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం షార్లెట్‌లోని ముప్పావు మైలు మట్టి ట్రాక్ మీద, కారు రేసులు నడిపే సంస్థ నాస్కార్ మొదటి ‘స్ట్రిక్ట్‌లీ స్టాక్’ (అంటే మార్పులు చేయని మామూలు కార్ల) రేసు జరిగింది. రేసు పెట్టించిన బిల్ ఫ్రాన్స్ పేరు అందరికీ తెలుసు. వెనక స్ప్రింగులు మార్చినందుకు గ్లెన్ డనవే గెలుపు పోగొట్టుకున్నాడనీ, దాంతో జిమ్ రోపర్ విజేత అయ్యాడనీ చరిత్ర చదివేవాళ్లకు తెలుసు. సి.సి. ఆలిసన్ భూమిని లీజుకు తీసుకుని ఆ ట్రాక్ కట్టిన హార్వే చార్లెస్, ప్యాట్ చార్లెస్‌లను మాత్రం తలచుకునేవాళ్లు తక్కువ. కరోలినాల్లో, జార్జియాలో, వర్జీనియాలో ఇలాంటి ప్రమోటర్లు చాలామంది ఉన్నారు.

వీళ్ల గురించి వెతికేవాళ్లు సాధారణంగా పాత పేపర్లతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. డ్రైవర్ గురించైతే అది సరిపోతుంది, అతని పేరు ఫలితాల్లో ఉంటుంది. ప్రమోటర్ చేసేది స్థలం చూడటం, అప్పు తేవడం, టికెట్లు అమ్మడం, బహుమతి డబ్బు కట్టడం. అందుకే పేపరుతో మొదలుపెట్టినా, తేల్చుకోవాల్సింది మాత్రం కౌంటీ (మన జిల్లా లాంటిది) రిజిస్ట్రార్ ఆఫీసులోనే.

ముందు పేపర్ల సంగతి. పాత పేపర్లు దొరికే డిజిటల్ ఎన్‌సీ, జార్జియా హిస్టారిక్ న్యూస్‌పేపర్స్, వర్జీనియా క్రానికల్, క్రానిక్లింగ్ అమెరికా వెబ్‌సైట్లు ఉచితం. మనిషి పేరుతో వెతకడం మొదలుపెడితే సగం దొరకదు. పేపర్లు ఇంటిపేరు ముందు పొడి అక్షరాలు వేసేవి. అరిగిన అచ్చును యంత్రం తప్పుగా చదువుతుంది, పక్క కాలమ్‌తో కలిపేస్తుంది. కాబట్టి ముందు ట్రాక్ పేరు, ఊరి పేరు వెయ్యండి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు ఏళ్లకు ‘స్టాక్ కార్’ ఒక్కటే కాకుండా ‘ఆటో రేసెస్’ కూడా వేసి చూడండి. వారపత్రికైతే రేసుకు ముందు వారం, తర్వాతి వారం రెండు సంచికలూ తెరవాలి. వాన పడి రద్దయిన రేసులు ముందు సంచికలో మాత్రమే బతికి ఉంటాయి. అవి జరిగాయనుకుని జాబితాలో చేర్చడం తరచూ కనిపించే తప్పు.

రేసుకు ముందు వచ్చే వార్తలో చాలా భాగం ప్రమోటర్ పంపించిందే. ‘పది వేల మంది వస్తారు’ అన్నది అతని ఆశ, లెక్క కాదు. దాని కన్నా డబ్బిచ్చి వేయించుకున్న ప్రకటన నమ్మదగ్గది. టికెట్ ధర, గేటు తెరిచే వేళ, కొన్నిసార్లు నిర్వాహకుడి పేరు అందులో ఉంటాయి. 1944 నుంచి 1954 దాకా ప్రవేశ రుసుము మీద ఫెడరల్ పన్ను 20 శాతం. అంటే పన్నుతో కలిపి 1.20 డాలర్ల టికెట్‌లో ప్రమోటర్‌కు మిగిలేది ఒక డాలరు. వచ్చిన జనం సంఖ్యతో గుణించేముందు ఈ పన్ను తీసెయ్యాలి.

ఇక దస్తావేజులు. ఇది మన ఊళ్లో ఈసీ తీయించడం లాంటిదే. మన దగ్గర సర్వే నంబరు చెబితే లావాదేవీలు వస్తాయి, అక్కడి పాత సూచికలు మనుషుల పేర్ల మీద నడుస్తాయి. అమ్మినవాళ్ల సూచిక ఒకటి, కొన్నవాళ్ల సూచిక ఒకటి. మొదటి రేసు ప్రకటన తేదీకి రెండేళ్ల ముందు నుంచి కొన్నవాళ్ల సూచిక పట్టండి. ప్రమోటర్ పేరు, భార్య పేరు, ట్రాక్ కంపెనీ పేరు మూడూ చూడండి. దొరికినదానికి పుస్తకం, పేజీ నంబర్లు వెంటనే రాసుకోండి.

అసలు ధర చాలా దస్తావేజుల్లో ఉండదు. ‘10 డాలర్లు, ఇతర విలువైన ప్రతిఫలం’ అని రాసి ఊరుకుంటారు. అప్పుడు దస్తావేజు మీద అంటించిన స్టాంపులు లెక్కపెట్టాలి. 1940 నుంచి 1967 వరకు ఫెడరల్ స్టాంపు సుంకం ప్రతి 500 డాలర్లకు 55 సెంట్లు. 5.50 డాలర్ల స్టాంపులుంటే ధర 4,500 దాటి 5,000 లోపు. కొన్నవాడు పాత తాకట్టు బాకీని నెత్తిన వేసుకుంటే ఆ మొత్తం ఇందులోకి రాదు. ఇది చూడకుండా ‘కారుచవకగా కొన్నాడు’ అని రాసేస్తే ఆ మనిషికి అన్యాయం చేసినట్టే.

అప్పు కాగితం ఇంకా విలువైనది. నార్త్ కరోలినాలో మామూలు తాకట్టుకు బదులు ‘డీడ్ ఆఫ్ ట్రస్ట్’ రాస్తారు. అప్పు తీసుకున్నవాడు, ఇచ్చినవాడు, మధ్యలో ట్రస్టీ. పేపర్లో పేరు రాని పెట్టుబడిదారు ఇక్కడ కనబడవచ్చు. తర్వాత ట్రస్టీ వేలం వేసిన దస్తావేజు ఉంటే, ట్రాక్ ఎందుకు మూతపడిందో వేరే చెప్పక్కర్లేదు.

సౌత్ కరోలినాలోని డార్లింగ్టన్ ట్రాక్ సంగతే తీసుకోండి. దాన్ని కట్టించిన హెరాల్డ్ బ్రాసింగ్టన్ షెర్మన్ రామ్సీ దగ్గర 70 ఎకరాలు కొన్నాడు. రామ్సీ చేపల కుంటను కదిలించకూడదు కాబట్టి ఒక కొసన మలుపు బిగించారు, ట్రాక్ గుడ్డు ఆకారంలో వచ్చింది. 1950 లేబర్ డే నాడు 75 కార్లతో మొదటి సదరన్ 500 రేసు జరిగింది. ఆ వంపుకు కారణం రేసు ఫలితాల్లో ఎంత వెతికినా దొరకదు, భూమి ఎవరిదో తెలియాలి.

దస్తావేజు చేతులెత్తేసే చోటూ ఉంది. నార్త్ కరోలినాలో మూడేళ్లకు మించిన లీజునే రిజిస్టర్ చేయించుకోవాల్సిన అవసరం. ఏడాది లీజు మీద నడిపినవాడి పేరు సూచికలో రాకపోవచ్చు, భూయజమాని పేరే కనబడుతుంది. ప్రమోటర్ జో లిటిల్‌జాన్ స్పార్టన్‌బర్గ్‌లో నడిపినట్టు ఫెయిర్ గ్రౌండ్ (ప్రదర్శనలు, సంతలు జరిగే మైదానం) ట్రాక్ అయితే రిజిస్ట్రార్ ఆఫీసులో రోజులు పోగొట్టుకోవద్దు. అక్కడ పేపరే మేలు. దానికి తోడు 1950 జనాభా లెక్కలు చూడండి. మనుషుల పేర్లతో సహా 2022 ఏప్రిల్ 1న విడుదలయ్యాయి, ఉచితం. అందులో అడిగింది గత వారం చేసిన పని గురించి. ఏప్రిల్‌లో రాసినవి కాబట్టి, ఆ వారం రేసు లేనివాడి పేరు పక్కన వేరే పనే ఉండొచ్చు; ‘ప్రమోటర్’ అని వెతకకండి, పెట్రోలు బంకు, గ్యారేజీ, హోటలు యజమానుల్లో వెతకండి.

పెద్దల జ్ఞాపకం మూడోది, కానీ ఆగనిది కూడా అదే. 1949లో 15 ఏళ్లవాడికి ఇప్పుడు 90 దాటాయి. తేదీలు అడిగితే కలగాపులగం చేస్తారు. ప్రకటన కాగితం చేతికిచ్చి, ‘టికెట్లు ఎవరు చింపేవారు, డబ్బు ఎక్కడ లెక్కపెట్టేవారు, దుమ్ము లేవకుండా నీళ్లు ఎవరు కొట్టేవారు’ అని అడగండి. ఆ జవాబుల్లో వచ్చే పేర్లే మళ్లీ సూచికలో వెతకాల్సిన పేర్లు. ఇంట్లో ప్రోగ్రామ్ పుస్తకం బయటపడితే జాగ్రత్త. అది రేసుకు ముందే అచ్చయింది, అందులోని డ్రైవర్లంతా పరుగెత్తారని కాదు.

షార్లెట్, అట్లాంటాల్లో ఉంటున్న తెలుగువాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. ఆన్‌లైన్‌కు ఎక్కని పాత పుస్తకాలను కౌంటీ ఆఫీసుకు వెళ్లి స్వయంగా తిరగెయ్యవచ్చు. వెళ్లేముందు ప్రకటన తేదీ, ట్రాక్ పేరు, భూయజమాని పేరు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆ మూడూ లేకుండా వెళితే సూచిక దగ్గరే రోజు గడిచిపోతుంది.