సర్కారు టీచరా, సాఫ్ట్‌వేరా: ఎవరిది సుఖం?

మా ఇంట్లో రెండూ ఉన్నయి, అక్క సర్కారు బడిల టీచర్, నేను హైటెక్ సిటీల సాఫ్ట్‌వేర్. ఏ ఫంక్షన్‌కి పోయినా ఇద్దరికీ ఒకటే డైలాగ్: "మీకేందమ్మా, హాయి".

అక్కనైతే "సగం ఏడాది సెలవులే కదా" అంటరు. 2009 విద్యాహక్కు చట్టం చూస్తే ఐదో తరగతి దాకా ఏడాదికి 200 రోజులు, ఆరు నుంచి ఎనిమిది దాకా 220 రోజులు బడి నడవాలె, టీచర్‌కి వారానికి ప్రిపరేషన్‌తో కలిపి 45 గంటలు. అదే చట్టం 27వ సెక్షన్‌ల టీచర్లకు వేరే పనులు చెప్పొద్దని రాసి, జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎలక్షన్లు తప్ప అన్నరు, ఆ 'తప్ప' దగ్గరే అక్క ఇరుక్కుంటది. ఓట్ల ముందురోజు ఈవీఎం పట్టుకొని పోయి పోలింగ్ సెంటర్‌లనే పడుకోవాలె, దోమలు ఫ్రీ.

నాది ఏసీ, కుర్చీ, కాదనను. కానీ చలికాలంల న్యూయార్క్‌కీ మనకూ పదిన్నర గంటల తేడా, వాళ్ళకు పొద్దున 10 అంటే మనకు రాత్రి 8:30, సరిగ్గా అన్నం ముందు కూర్చున్నప్పుడే కాల్. జీతం నాకే ఎక్కువ, ఒక్క మెయిల్‌తో పోయేది కూడా నాదే.

నన్నడిగితే అక్క పనే కష్టం, నలభై మంది పిల్లల్ని ఒక్క గంట కూర్చోబెట్టడం నాతోని కాదు. మా పెద్దనాన్నకు మాత్రం ఇవేం పట్టవు, ప్రింటర్ ఆగితే నాకే ఫోన్ చేస్తడు, "సాఫ్ట్‌వేరే కదరా నువ్వు" అని.