నగరం పెరిగేటప్పుడు: కలిసే వీధులా, మూసుకుపోయే వీధులా? ఏది మేలు?

నగరం అంచున కొత్త లేఅవుట్ వేస్తున్నప్పుడు ఎన్ని ప్లాట్లు వస్తాయో అందరూ లెక్క వేస్తారు. దాని వీధులు పక్క లేఅవుట్‌తో కలుస్తాయా లేదా అని అడిగేవాళ్లు తక్కువ. భవనమైతే పడగొట్టి మళ్లీ కట్టుకోవచ్చు. వీధి గీతను మార్చడం అంత సులువు కాదు. న్యూయార్క్‌లోని మన్‌హట్టన్‌లో 1811 ప్లాన్ గీసిన గళ్లలోనే ఈనాటికీ జనం తిరుగుతున్నారు.

ఆ గళ్ల పద్ధతే గ్రిడ్. ఏ వీధిలో బయల్దేరినా ఇంకో వీధిలో తేలతాం. ఒక రోడ్డు తవ్వేస్తే పక్క రోడ్డుంది. బస్సు వచ్చిన దారినే వెనక్కి తిరగక్కర్లేదు. గడి ఎంత చిన్నదైతే నడిచేవాళ్లకు అంత మేలు: స్పెయిన్‌లోని బార్సిలోనాలో 1859 ప్లాన్ ప్రకారం వేసిన గడి ఒక్కో వైపు సుమారు 113 మీటర్లు, అమెరికాలోని పోర్ట్‌లాండ్ నడిబొడ్డున 61 మీటర్లే.

మూసుకుపోయే వీధి అంటే ఇంకో వీధిలో కలవకుండా చివర ఆగిపోయేది. ఈ పద్ధతికి 1929లో అమెరికాలోని న్యూజెర్సీలో కట్టిన రాడ్‌బర్న్ అనే కాలనీ పేరుపొందిన నమూనా. దీని బలాలూ చిన్నవి కావు. బయటి బండ్లు లోపలికి రావు, కాబట్టి పిల్లలు వీధిలోనే ఆడుకోవచ్చు. నాలుగు రోడ్ల కూడలిలో బండ్ల దారులు 32 చోట్ల తగులుకునే అవకాశముంటే, ఈ పద్ధతిలో ఎక్కువగా ఉండే మూడు రోడ్ల కూడలిలో అవి 9 మాత్రమే. రోడ్లకు తక్కువ స్థలం పోతుంది గనక అమ్ముకునే స్థలం మిగులుతుంది. రియల్టర్లకు ఇది నచ్చడానికి అసలు కారణం ఇదేనని నా అనుమానం.

చిక్కల్లా ఊరు పెరిగాక మొదలవుతుంది. వెనక గోడ అవతలి ఇంటికి వెళ్లాలన్నా మెయిన్ రోడ్డెక్కి చుట్టు తిరగాలి. అన్ని లేఅవుట్ల బండ్లూ ఆ ఒక్క రోడ్డు మీదే పడితే, దాన్ని ఎంత వెడల్పు చేసినా ట్రాఫిక్ జామే. పాల ప్యాకెట్టుకీ బండి తియ్యాల్సిందే. నిజానికి రాడ్‌బర్న్‌లో నడిచేవాళ్లకు వేరే బాటలు వేశారు. తర్వాత ఆ నమూనాను అనుసరించిన చాలామంది మూసిన వీధిని తీసుకుని బాటల్ని వదిలేశారు.

అమెరికాలో మూసిన వీధులు వేసే ధోరణి 1990ల మధ్యలో తారస్థాయికి చేరి తగ్గుముఖం పట్టిందని 2015లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ప్రపంచంలో చాలాచోట్ల మాత్రం అది పెరుగుతూనే ఉందని 2020లో అదే పరిశోధకులు చూపారు.

నా ఓటు గ్రిడ్‌కే. ప్రశాంతత కావాలంటే తర్వాతైనా తెచ్చుకోవచ్చు. బార్సిలోనా 2016లో పొబ్లెనౌ పేటలో తొమ్మిది గళ్లను ఒక జట్టు చేసి, లోపలి వీధుల్లోంచి బండ్లు దూసుకుపోకుండా ఆపింది. అందుకు ఇళ్లు కూల్చక్కర్లేదు, బోర్డులూ పూలకుండీలూ చాలు. మూసిన వీధిని తెరవాలంటే మాత్రం ఎవరి ప్రహరీనో, ఎవరి ఇంటినో కూల్చాలి.

నిటారు కొండవాలు మీద గ్రిడ్ కుదరదు. అలాంటిచోట వీధి చివర నడకకూ సైకిలుకూ సరిపడా బాట వదిలి, దాన్ని ప్లాట్లు అమ్మకముందే ప్లానులో ప్రజల దారిగా రాయించాలి. తర్వాత అడిగితే ఎవరూ ఇవ్వరు.